ఆకే కదా, ఏం చేస్తుంది

మొన్న మా అపార్ట్‌మెంటు కింద ఒకతను బల్ల వేసుకుని సీసాలు అమ్ముతున్నాడు. ఆకుపచ్చ సీసాలు, ఆకుపచ్చ చొక్కా, ఆకుపచ్చ టోపీ. మేడ మీద కుండీల్లో మొక్కలకి పురుగు పడితే కొట్టే మందట. మా మేడ మీద నాలుగు వంగ మొక్కలు, తామర వేసిన సిమెంటు తొట్టె ఒకటి ఉన్నాయి. దోమలు పెరక్కుండా ఆ తొట్టెలో చిన్న చేపలు వేశాను. సీసా అటూ ఇటూ తిప్పి చూసి, "కొట్టేటప్పుడు జల్లు తొట్టెలో పడితే చేపలకి ఏమన్నా అవుతుందా?" అని అడిగాను.

అతను నా అమాయకత్వానికి నవ్వాడు. "అంతా నేచురల్ మేడం. వేపనూనె, మూలికలు, అంతే. ఆకే కదండి, ఏం చేస్తుంది?"

ఆ మాట విని చాలా ఏళ్లయింది. మాట మారలేదు, అనేటప్పుడు మొహంలో ఉండే ఆ జాలి కూడా మారలేదు. తనకి అన్నీ తెలుసు, ఎదుటివాళ్లకి ఏమీ తెలియదు, పాపం అన్న జాలి. అచ్చం మా పెదనాన్న మొహమే. సీసా బల్ల మీద పెట్టేసి మెట్లెక్కి వచ్చేశాను.

మా ఊరు పాలకొల్లుకి సైకిలు మీద పోయేంత దూరం. మా ఇంట్లో పొలం పనులు మా నాన్న చేసేవాడు, పొలం గురించి మాటలు మా పెదనాన్న మాట్లాడేవారు. ఈ పంపకం ఎప్పుడు జరిగిందో తెలియదు కానీ ఇద్దరికీ బాగానే కుదిరింది. ఊళ్లో మోతుబరి రైతు అంటే పెదనాన్నే. ఆయన కాలికి బురద అంటగా నేనయితే చూడలేదు.

ఆ ఏడు ఆయన నిడదవోలు వెళ్లారు. ఎవరో అక్కడ రైతులకి అయిదు రోజుల శిక్షణ పెట్టారట. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు ఒక గుడ్డ సంచీ, ఒక పుస్తకం, బోలెడంత జ్ఞానం తెచ్చుకున్నారు. కాళ్లయినా కడుక్కోకుండా అరుగు మీద నిలబడి, "ఇవాళ్టి నుంచి కంపెనీ మందులు ఈ గుమ్మం తొక్కడానికి వీల్లేదు" అన్నారు. మందులు గుమ్మం ఎలా తొక్కుతాయని నేను నవ్వితే మా మామ్మ నెత్తిన మొట్టింది. మామ్మంటే మా నాన్న వాళ్లమ్మ. ఆవిడకి పెద్దకొడుకు చెప్పింది వేదం. ఆ వేదం ఏడాదికోసారి మారుతుందని తెలిసినా వేదమే.

నిజం చెప్పాలంటే కంపెనీ మందుల విషయంలో ఆయన అన్నది తప్పు కాదు. కొట్టే కూలీలు కళ్లు తిరిగి గట్టు మీద కూలబడేవాళ్లు. అయితే ఆ మందుల్లో ఒక్క సుగుణం ఉండేది. డబ్బా మీద పుర్రె బొమ్మ ఉండేది. చదువు రానివాడు కూడా ఆ బొమ్మ చూసి భయపడేవాడు. పంపు పొలంలోనే ఒక మూల కడిగేవాళ్లు, డబ్బా గోతిలో పాతేవాళ్లు, మమ్మల్ని ఆ ఛాయలకి రానిచ్చేవాళ్లు కాదు. ఆకుమందుకి పుర్రె బొమ్మ లేదు. అందుకని భయమూ లేదు.

ఇంకో తిరకాసు మన మాటలోనే ఉంది. జ్వరానికి మింగేదీ మందే, పురుగుకి కొట్టేదీ మందే, పాక వెనక చాటుగా తాగేదీ మందే. ఆ మందు పక్కన ఏ మాట చేరుస్తామో దాన్ని బట్టి మనిషి మంచివాడో చెడ్డవాడో తేలిపోతుంది. డాక్టరు మందు ఇస్తాడు. రైతు మందు కొడతాడు. గిట్టనివాళ్లు మందు పెడతారు. ఫలానా మనిషి మందు పెట్టింది అన్న మాట ఒక్కసారి పుట్టిందా, ఆ మనిషికి ఊళ్లో మంచినీళ్లు కూడా పుట్టవు. మా ఊరివాళ్లకి మిగతా చదువు ఎలా ఉన్నా, ఈ వ్యాకరణం మాత్రం బాగా వచ్చు.

అప్పుడు నాకు పదకొండేళ్లు. ఒంటిపూట బడులు. దాళ్వా వరి, అంటే రెండో పంట, పాలు పోసుకునే వేళకి రసం పీల్చే సుడిదోమ పడింది. చేను మధ్యలో గుండ్రంగా, ఎవరో పెనం పెట్టి మాడ్చినట్టు ఎండిపోతూ వస్తోంది. ఊరంతా కంపెనీ మందుల కోసం పరిగెత్తింది. మా పెదనాన్న మాత్రం కళ్లజోడు తుడుచుకుని పుస్తకం తెరిచారు.

మా దొడ్లో పెద్ద కాగు ఎక్కింది. గోదావరి లంకల నుంచి పొగాకు కాడలు మోపులుగా వచ్చాయి. వేపగింజలు రోట్లో దంచారు. ఆకు మీద మందు నిలబడాలంటే జిగురు కావాలని కుంకుడుకాయలు నానబెట్టి, పిసికి, ఆ రసం కూడా పోశారు. మూడు రోజులు కాచారు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. చుట్టలు తాగే ముసలివాళ్లందరినీ ఒక గదిలో పెట్టి తలంటినట్టు ఉండేది. అన్నంలో, పెరుగులో, నా జడ రిబ్బన్లలో కూడా ఆ వాసనే. మామ్మ కళ్లు ఒత్తుకుంటూ, "దోమ సంగతేమో గాని మనం పోయేలా ఉన్నాంరా" అనేది, పెదనాన్నకి వినపడకుండా.

నాకు మాత్రం పండగే. బొప్పాయి ఆకు కాడ విరిచి గొట్టం చేసుకుని, కుంకుడు రసంలో ముంచి ఊదితే పిడికిలంత బుడగలు వచ్చేవి. ఎండలో రంగులు తిరుగుతూ దడి దాటి గుంట మీదకి పోయేవి. ఒకసారి ఊదబోయి లోపలికి పీల్చి, సాయంత్రం దాకా వాంతులు చేసుకున్నాను. "ఆకే కదే, కడుపు శుభ్రమవుద్ది" అన్నారు పెదనాన్న.

ఆ గుంట గురించి చెప్పాలి. మా దొడ్డి దడికి అవతల ఉండేది. పంచాయతీది. ఒకప్పుడు నిండా గుర్రపుడెక్క, దోమలు, చచ్చిన కుక్కలు. దానికి అవతలి గట్టున నాలుగు పాకలు, చేపల వేటకి పోయేవాళ్లవి. వాళ్లలో ఒకావిడ, ఆవిడ మొగుడు కలిసి ఏడాది పాటు డెక్క పీకి, బురద తోడి గుంటని బాగుచేసుకుంటే, చేపలు పెంచుకోమని పంచాయతీ వాళ్లకే ఇచ్చింది. కాగితం లేదు, నోటిమాటే. తర్వాత మొగుడికి నడుం పడిపోయి మంచం పట్టాడు. పిల్లలు లేరు. ఆ గుంటే ఆవిడ పొలం. మేమందరం ఆవిడని చేపలావిడ అనేవాళ్లం. పేరు ఉండే ఉంటుంది. మా ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

పొద్దున్నే మా దొడ్డి గుమ్మంలోకి నీళ్లోడుతున్న గంపతో వచ్చేది. మామ్మ కత్తిపీట ముందేసుకుని కూర్చునేది. ఇద్దరూ బేరం ఆడుతూనే చేప బాగుచేసేవాళ్లు. బూడిద వేసి రుద్ది, పొలుసు తీసి, మొప్పలు ఒక్క లాగుడుతో తీసి పారేసేది చేపలావిడ. ఆ లాగడం నాకు ఎంత ఇష్టమో. చిటికె వేసినట్టు, బొటనవేలు లోపలికి పోయి బయటికి వచ్చేది. చింతచిగురు వచ్చే రోజులు కాబట్టి చేదుపరిగెలు తెస్తే చిగురు వేసి ఇగురు. శీలావతి తెస్తే మామిడికాయ వేసి మట్టిదాకలో పులుసు. ఆ పులుసు ఆ పూటకన్నా మర్నాటి పొద్దున చద్దన్నంలోకి బాగుండేది.

ఆవిడ నాతో మాట్లాడేది. ఆ ఇంట్లో నాతో మాట్లాడిన పెద్దవాళ్లు తక్కువ. "చేపకి నోరు లేదనుకుంటారండి పాపగారూ. నీళ్లు పాడైతే పైకొచ్చి నోరు తెరిచి చెప్తది. మనకి ఇనపడదంతే" అంది ఒకసారి.

కాగు ఎక్కిన రెండో రోజు ఆవిడ గంప దించకుండానే ముక్కు ఎగబీల్చింది. అరుగు మీదున్న పెదనాన్న దగ్గరికి వెళ్లి, దూరంగా నిలబడి, "బాబుగారూ, ఆ కాడల నీళ్లు గుంటలోకి రానియ్యకండి. లంకల్లో పొగాకు కడిగిన చోట చేప నిలబడదండి. కుంకుడు నురగ కూడా ఆటికి పడదండి" అంది.

పెదనాన్న కళ్లజోడు పైనుంచి చూశారు. "ఆకే కదే, ఏం చేస్తది? ఇది ప్రకృతి. పుస్తకంలో ఉంది. నువ్వు చదివావా పుస్తకం?"

"ఆయ్, మాకు సదువెక్కడిదండి" అని ఆవిడ గంప ఎత్తుకుంది. మర్యాదగానే అంది. ఆ మర్యాదలో ఎంత ఎగతాళి ఉందో నాకు పెద్దయ్యాక అర్థమైంది. పెదనాన్నకి ఎప్పటికీ అర్థం కాలేదు.

మందు కొట్టారు. దోమ రెండు రోజులు కాస్త తగ్గినట్టు కనపడి, మూడో రోజు మళ్లీ ఊపందుకుంది. పెదనాన్న మాత్రం ఊళ్లో, "దోమ తల దించింది" అని చెప్పుకొచ్చారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఇక దొడ్లో ఒక డ్రమ్ము నిండా కషాయం మిగిలిపోయింది, అడుగున పిప్పి కుళ్లుతోంది. మామ్మ గోల భరించలేక పెదనాన్న తీర్పు చెప్పారు. "ఒక క్యాను పక్కన పెట్టి మిగతాది గుంటలో ఒంపెయ్యండి. పిప్పి చేపలకి మేతవుద్ది."

అప్పటికి కాలువ వంతులవారీగా వస్తోంది, గుంటలో నీళ్లు మోకాలి లోతు. మా నాన్న, పాలేరు కలిసి డ్రమ్ము దొర్లించుకెళ్లి గట్టు మీద నుంచి ఒంపారు. చేపలావిడ పాలకొల్లు బజారుకి వెళ్లి ఉంది. కషాయం వడకట్టిన గుడ్డ సంచులు నాకు ఇచ్చి, రేవులో జాడించి తెమ్మన్నారు. జాడించాను. నురగ. గుంట మీద తెల్లటి దుప్పటి పరిచినట్టు నురగ. పరికిణీ ఎగదోపుకుని ఆ నురగలో గంతులేశాను.

కాసేపటికి నీళ్ల మీద సన్నవాన మొదలైనట్టు చుక్కలు పడ్డాయి. ఆకాశం చూస్తే మబ్బు లేదు. వంగి చూశాను. చేపలు. చేదుపరిగెలు, పిల్లచేపలు, వందలకొద్దీ, మూతులు పైకి పెట్టి తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. మేతకొచ్చాయి అనుకున్నాను. పెదనాన్న చెప్పారు కదా. చేత్తో పట్టుకుంటే పారిపోవడం లేదు. నా అంత గొప్ప వేటగత్తె లేదనిపించింది. పరికిణీ నిండా ఎత్తుకున్నాను. తల తిప్పితే గుంట మధ్యలో పెద్ద శీలావతులు పక్కకి ఒరిగి తిరుగుతున్నాయి, తాగినవాళ్లు తూలినట్టు. ఒకటి నా కాళ్లకి తగిలి వెల్లకిలా పడింది. అప్పుడు చేపలావిడ మాట గుర్తొచ్చింది. అవి తినడం లేదు, చెబుతున్నాయి. నేను ఇంటికి పరిగెత్తాను.

మామ్మ నా పరికిణీలోకి చూసింది. ఒక చేప తీసి వాసన చూసింది. తిట్టలేదు. అన్నీ తీసుకెళ్లి పెంటగోతిలో వేసి మట్టి కప్పింది. చేతులు కడుక్కుని నా భుజాలు పట్టుకుంది.

"ఇయ్యి నువ్వు తేలేదు. నువ్వసలు గుంట కాడికి ఎళ్లలేదు. తెలిసిందా? ఎవరన్నా అడిగితే ఏం చెప్తావు?"

"తేలేదు" అన్నాను.

"అదీ" అంది.

మర్నాటికి ఊరంతా కంపు. గుంట కనపడకుండా తెల్లటి పొట్టలు. చేపలావిడ మొలలోతు బురదలో దిగి ఒక్కొక్కటీ ఏరి గట్టు మీద వేస్తోంది. ఏడవలేదు. ఆవిడ మొగుణ్ని ఎవరో మంచంతో సహా గట్టు మీదకి తెచ్చి పెడితే అతను ఏడ్చాడు. మా దడి సందులోంచి చూస్తూ నేను గోళ్లు కొరుక్కున్నాను.

ఊళ్లో మాట పుట్టింది. పుట్టించింది మా పెదనాన్నే. ఎంతో జాలిగా పుట్టించారు. "పాపం, దాన్ననేం లాభం? కాలువ కట్టేసేలోపు చేప మొత్తం అమ్ముకుందామని మందు పెట్టుకుని ఉంటది. ఇప్పపిండి ఎక్కువైపోయింది" అన్నారు. అంతే. మందు పెట్టింది, మందు పెట్టింది అని పాకల నుంచి పంచాయతీ ఆఫీసు దాకా అదే పాట. పంచాయతీ గుంటలో మందు పెట్టిన మనిషికి మళ్లీ గుంట ఇస్తారా? రెండు రోజుల తర్వాత సాయంత్రం మా అరుగు మీదే పెద్దలు కూర్చుంటారని కబురు వచ్చింది.

ఆ సాయంత్రం, ఇంకా ఎవరూ రాకముందు, చేపలావిడ మా దొడ్డి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో చిన్న కుండ. అందులో మూడు పిల్లచేపలు తిరుగుతున్నాయి, కాలువలోవి.

"పాపగారూ, ఓ గిన్నె కడిగి, మీ నూతి నీళ్లు పోసి ఇత్తారా? నా కుండలో అయితే నమ్మరండి."

గూట్లోంచి స్టీలు గిన్నె తీశాను. నూతి దగ్గర చింతపండు పెట్టి తోమి, రెండుసార్లు తొలిచి, నీళ్లు పోసి ఇచ్చాను. ఆ గిన్నె మాకందరికీ తెలుసు. మజ్జిగ అందులోనే చిలికేవాళ్లు. అడుగున మా తాతగారి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. ఆవిడ చేపల్ని అందులోకి వదిలి, గిన్నె కొంగు కింద పెట్టుకుని, సందు చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోకి వెళ్లింది.

పెద్దలంటే పెద్ద గుంపేమీ కాదు. పంచాయతీ ప్రెసిడెంటుగారు కుర్చీలో చుట్ట వెలిగించుకుని కూర్చున్నారు. ఆయనకి ఊరి చివర రొయ్యల చెరువు ఉంది. రొయ్యపిల్ల వదిలే ముందు చెరువులో ఉన్న పిచ్చి చేపలన్నీ చావాలని ఏటా బస్తాలకొద్దీ ఇప్పపిండి పోయిస్తారు. ఇప్పపిండి అంటే ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండి. అదీ చెట్టుదే. అది చేపల్ని ఎలా చంపుతుందో ఆ ఊళ్లో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆయన పక్కన మా పెదనాన్న. మెట్ల మీద మా నాన్న, కాళ్లకి అంటిన బురద పుల్లతో గీక్కుంటూ. గుమ్మం లోపల మామ్మ. ఆవిడ కొంగు పట్టుకుని నేను. వీధిలో జనం.

"నేను మందు పెట్టలేదండి" అంది చేపలావిడ. "బాబుగారి డ్రమ్ము గుంటలో ఒంపారండి. గట్టు మీద ఇంకా మరక ఉంది."

"అది ఆకుమందు" అన్నారు పెదనాన్న. "ఆకు చేపల్ని ఎందుకు చంపుద్ది? ఇప్పపిండి పెట్టింది నువ్వు."

"ఇప్ప ఆకు కాదేంటండి?"

ప్రెసిడెంటుగారు చుట్ట నుసి దులిపారు. ఆకు చేపల్ని చంపుతుందని ఆవిడ మీద నేరం. ఆకు చేపల్ని చంపదని మా పెదనాన్నకి మాఫీ. రెండూ ఒకే అరుగు మీద, ఒకే సాయంత్రం, అవే బుర్రలు ఒప్పుకున్నాయి. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు. ఇలాంటి బుర్రల్ని నేను ఆ తర్వాత చాలాచోట్ల చూశాను. కొన్నింటికి డిగ్రీలు కూడా ఉన్నాయి.

చేపలావిడ గిన్నె అరుగు మీద పెట్టింది. "నూతి నీళ్లండి. బతికున్న చేపలండి. ఆకుమందే కదండి, ఆ క్యానులోది ఓ గలాసు పొయ్యండి బాబుగారూ. చేపలు తిరిగితే నేనే గుంట ఒదిలేసి ఎల్లిపోతాను."

జనం ముందుకి జరిగారు. పెదనాన్నకి తప్పించుకునే దారి లేదు. తన పుస్తకం మీద తనకే అంత నమ్మకం ఉంది కూడా. క్యాను తెప్పించి గ్లాసుతో పోశారు. ప్రెసిడెంటుగారి చుట్ట సగం కాలిందో లేదో, చేపలు పైకొచ్చి మూతులు తెరిచాయి. ఒకటి పక్కకి ఒరిగింది. మరొకటి. చుట్ట ఆరేసరికి మూడూ వెల్లకిలా తేలాయి.

అయిపోయింది, ఇక ఆవిడ గెలిచింది అనుకున్నాను. పదకొండేళ్లు కదా.

పెదనాన్న గిన్నెలోకి తొంగిచూసి, గొంతు సవరించుకుని, "గిన్నెకే ఏదో రాసి తెచ్చింది" అన్నారు.

"అదీ మాట" అని వెనకనుంచి ఎవరో అన్నారు. జనం ఊపిరి పీల్చుకున్నారు. ఎంత సుఖంగా పీల్చుకున్నారో. వాళ్లకి కావలసింది అదే, నిలబడడానికి ఒక చెత్త కారణం.

"గిన్నె మీదేనండి" అంది చేపలావిడ. "పాపగారు తెచ్చారండి. తోమి, నూతి నీళ్లు పోసిచ్చారు. అడగండి."

అందరి తలలూ గుమ్మం వైపు తిరిగాయి. పెదనాన్న నన్ను చూశారు. కోపంగా కూడా కాదు. ఎంతో ప్రేమగా, ఎప్పుడూ పిలవనంత ప్రేమగా, "ఏమ్మా, ఈ గిన్నె నువ్వు తెచ్చావా?" అన్నారు.

మామ్మ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. మా నాన్న తల ఎత్తలేదు. డ్రమ్ము ఒంపింది ఆయనే. సంచులు జాడించింది నేనే. చేపలావిడ నా వైపు చూస్తోంది. బతిమాలడం లేదు. నిజం చెబుతానని నమ్మి చూస్తోంది.

"తేలేదు" అన్నాను.

ఆవిడ గిన్నె తీసుకుని, నీళ్లూ చేపలూ వీధి కాలువలో పారబోసి, తెచ్చి మా అరుగు మీద బోర్లించింది. కడిగిన గిన్నె ఎవరైనా బోర్లిస్తారు, అలాగే. అడుగున మా తాతగారి పేరు పైకి వచ్చింది. ఇంటిపేరుతో సహా, ఇంకా వెలుగు ఉంది, చదువు వచ్చినవాళ్లు అక్కడ పదిమంది ఉన్నారు. ప్రెసిడెంటుగారు రెండో చుట్ట వెతుక్కున్నారు. పెదనాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అంతసేపు తుడవడానికి దాని మీద ఏముందో.

"ఎల్లొత్తానండి" అని ఆవిడ వెళ్లిపోయింది.

జనం పోయాక మామ్మ ఆ గిన్నె లోపలికి తెచ్చి, మూడుసార్లు తోమి, గూట్లో దాని చోట పెట్టింది. మాది కాని గిన్నె మా గూట్లోకి వచ్చింది. పెడుతూ తనలో తనే, "అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ" అని గొణిగింది. అంటే ఆవిడకి అంతా తెలుసు. తెలియనివాళ్ల మీదకన్నా తెలిసీ ఊరుకునేవాళ్ల మీదే నాకు ఎక్కువ అసహ్యం, అప్పుడూ ఇప్పుడూ. మర్నాడు ఆ గిన్నెలో చిలికిన మజ్జిగ నా ముందు పెడితే తాగాను కూడా. ఒకటి రెండు రోజులు తాగలేదని చెప్పుకుంటే బాగుండేది. తాగాను.

గుంట ఆవిడ చేతిలోంచి పోయింది. మరుసటి ఏడు అది ప్రెసిడెంటుగారి బావమరిది చేతికి వచ్చింది. ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు. చేపలావిడ మొగుణ్ని రిక్షాలో పడుకోబెట్టుకుని నరసాపురం వైపు వెళ్లిందని చెప్పుకున్నారు. మా దొడ్డి గుమ్మంలోకి చేపలు తెచ్చే మనిషి లేక మామ్మ కొన్నాళ్లు సణుక్కుంది. పెదనాన్న ఆకుమందు మోజు ఆ దాళ్వాతోనే తీరిపోయింది. సగం చేను తాలుపోయాక, "మనూరి నేలకి అది పడదు" అని తేల్చారు. పుస్తకం కాగితాలు మామ్మ మాగాయ జాడీల కింద పరిచింది. ఆయన పోయినప్పుడు ఊరంతా కదిలింది. ప్రకృతిని ప్రేమించిన మనిషి అని ఎవరో మాట్లాడారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ సీసాలమ్మే అతను ఏం తప్పు చేశాడు? అతనికి నేర్పినవాళ్లు నేర్పిందే చెప్పాడు. కంపెనీ విషాన్ని తిట్టినంత మాత్రాన మన చేతిలోది అమృతం అయిపోదని అతనికి ఎవరూ చెప్పలేదు. విషానికి కులం లేదు, ఆకుదైనా డబ్బాదైనా. ఈ ముక్క చదువు రాని మనిషి ఒకావిడ మా అరుగు ముందు నిలబడి గిన్నెలో చూపించింది. చూసినవాళ్లమంతా అక్షరాలు వచ్చినవాళ్లమే.

ఆవిణ్ని మళ్లీ ఒకసారి చూశాను. నాకు పెళ్లయిన కొత్తల్లో, నరసాపురం రేవులో. అవతలి ఒడ్డుకి వెళ్లడానికి పంటు కోసం నిలబడ్డాను. రేవు మెట్ల పక్కన చేపలు అమ్మేవాళ్ల వరసలో ఒక ముసలావిడ చేప మొప్పలు తీస్తోంది. బొటనవేలు లోపలికి పోయి, చిటికె వేసినట్టు బయటికి వచ్చింది. మొహం చూడకముందే గుర్తుపట్టాను.

దగ్గరికి వెళ్లాను. ఏం చెప్పాలో అన్నేళ్లుగా తయారుచేసుకునే ఉన్నాను. గిన్నె మాదే, నేనే తెచ్చాను. రెండే ముక్కలు.

"ఏం కావాలండి అమ్మగారూ?" అంది తల ఎత్తకుండా.

నోరు తెరిచాను. శీలావతి అన్నాను.

ఆవిడ చేప తీసింది, బూడిద వేసి రుద్దింది, పొలుసు తీసింది. నేను నిలబడి చూస్తూనే ఉన్నాను. ముక్కలు కోసింది. పంటు ఇవతలి ఒడ్డుకి వస్తోంది. జనం మెట్లు దిగుతున్నారు. అప్పుడు ఆవిడ తల ఎత్తి నన్ను చూసింది.

"గిన్నె తెచ్చారా అండి?"

చేపల దగ్గరికి ఉత్తచేతులతో వచ్చే ప్రతివాళ్లనీ అడిగే మాట అది. పొద్దున్నుంచి ఎంతమందిని అడిగిందో.

"తేలేదు" అన్నాను.

ఆవిడ కొంచెంసేపు నన్ను చూస్తూ ఉండిపోయింది. "పర్లేదండి, ఆకులో కడతాను" అని అరిటాకు చింపి పొట్లం కట్టి ఇచ్చింది. నేను పొట్లం పట్టుకుని పంటెక్కాను. ఆవిడ మామూలుగా అడిగిందో, గుర్తుపట్టి అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ ముందు గిన్నె మాట వచ్చిన రెండుసార్లూ నేను తేలేదనే చెప్పాను. రెండోసారి అది నిజం.